మా అక్క పిల్లలు 14 నెలలు ఉన్న హోమ్ గురించి: పగలు చూసి రాకండి, రాత్రి ఎవరుంటారో అడగండి

మా అక్క పిల్లలిద్దరూ 14 నెలలు ఒక బాలికల హోమ్‌లో ఉన్నారు. అప్పుడు పెద్దదానికి 11 ఏళ్లు, చిన్నదానికి 6. వానలకి రైలు ఆగిన వారాలూ, మా అత్తగారికి బాగోలేని వారాలూ తప్ప ప్రతి ఆదివారం వెళ్లి చూసొచ్చాను. పిల్లల్ని అక్కడ ఉంచాల్సి వచ్చినప్పుడు ఇలాంటి చోట్ల గురించి ఎవరైనా నాలుగు మాటలు రాశారేమో అని ఫోన్‌లో రాత్రంతా వెతికాను. విరాళాలు అడిగే పేజీలు బోలెడు కనబడ్డాయి. లోపల పిల్ల ఎలా తింటుంది, ఎలా పడుకుంటుంది, ఏడిస్తే ఎవరు దగ్గరికి తీసుకుంటారు అన్నది మాత్రం ఎక్కడా లేదు. అందుకే రాస్తున్నాను. పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

హోమ్ పేరు గానీ ఊరి పేరు గానీ రాయను. పేరు బయటికొస్తే అక్కడున్న పిల్లలెవరో తెలిసిపోతుంది. 2015 నాటి బాలల న్యాయ చట్టంలో 74వ సెక్షన్ దీని గురించే ఉంది, హోమ్‌లో ఉండే పిల్లల పేరు, ఫొటో, బడి, ఏ ఆనవాలూ బయటపెట్టకూడదు, పెడితే 6 నెలల దాకా జైలు, లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. చట్టం లేకపోయినా నేను రాసేదాన్ని కాదు. మాది పర్లాకిమిడి. ఊరి చివర దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. హోమ్ ఇటు ఒడిశాలోనే, గుణుపురం లైన్లో ఎక్కడో ఉందనుకోండి చాలు.

అక్క పచ్చకామెర్లతో పోయింది. బావ అంతకు రెండేళ్ల ముందే సూరత్ మగ్గాల పనికి వెళ్లాడు, మా గంజాం, గజపతి వైపు నుంచి వేలమంది వెళ్లినట్టే. మొదటి ఏడాది డబ్బు పంపాడు, ఆ తర్వాత ఫోన్ కలవలేదు. నాకున్నది ఒక్క గది, అందులో మంచం పట్టిన అత్తగారు, నా ఇద్దరు మగపిల్లలు, మేమిద్దరం, నా కుట్టుమిషను. నేను ఇంటి దగ్గరే జాకెట్లు, స్కూలు డ్రెస్సులు కుడతాను. అక్క కర్మ అయిన వారానికి ఒకాయన వచ్చి, పట్నంలో హాస్టలు ఉంది, చదువు, తిండి, బట్ట అంతా ఫ్రీ, ఒక్క సంతకం పెట్టమ్మా, రేపు పొద్దున్నే బండి వస్తుంది అన్నాడు. నిజం చెప్పాలంటే నేను సంతకం పెట్టేదాన్నే. మా వీధి అంగన్‌వాడీ ఆవిడ గుమ్మంలోకి వచ్చి, "రిజిస్ట్రేషన్ కాగితం ఏది బాబూ, చూపించు, లేకపోతే ఇప్పుడే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ కొడతాను" అంది. బండిలో మర్చిపోయాను తెస్తానని వెళ్లినవాడు మళ్లీ కనబడలేదు.

అప్పటిదాకా నాకు తెలీదు, పిల్లల్ని ఉంచుకునే ఏ హోమ్ అయినా, ప్రభుత్వానిదైనా గుడివాళ్లదైనా చర్చివాళ్లదైనా, ఆ చట్టం కింద రిజిస్టర్ అయి ఉండాలని, లేకుండా నడిపితే ఏడాది దాకా జైలు గానీ లక్షకు తగ్గని జరిమానా గానీ, రెండూ గానీ పడతాయని. ఇంకోటి కూడా తెలీదు, హోమ్ దగ్గరికి మనంతట మనం వెళ్లి పిల్లల్ని అప్పజెప్పి రాకూడదు. జిల్లాలో బాలల సంక్షేమ కమిటీ ఉంటుంది, అందరూ సీడబ్ల్యూసీ అంటారు, ఒక అధ్యక్షుడో అధ్యక్షురాలో, ఇంకో నలుగురు సభ్యులు. వాళ్ల ముందు పిల్లల్ని కూర్చోబెట్టాలి, వాళ్లు ఇంటికి మనిషిని పంపి రిపోర్టు రాయించుకుంటారు, ఆ తర్వాత ఏ హోమ్ అన్నది ఆర్డరు ఇస్తారు. నాకది టెన్షనే, పిల్లల్ని కోర్టులో నిలబెట్టినట్టు ఉంటుందేమోనని. అలా ఏమీ లేదు. మామూలు గది, మామూలు కుర్చీలు. అందులో ఒకావిడ చిన్నదాన్ని పేరు అడిగి, అది చెప్పకపోతే ఊరుకుని, బిస్కెట్టు చేతిలో పెట్టి పెద్దదానితో మాట్లాడింది.

ఇక హోమ్. మొదటి రోజు చూస్తే గొప్పగా ఏమీ లేదు. పాత పెంకుల కప్పు ఒక పక్క, కొత్తగా పోసిన స్లాబు ఒక పక్క, ముందర వేపచెట్టు, చేతిపంపు. 38 మంది ఆడపిల్లలు. ఎవరైనా గోడలు చూస్తారు, నేను కుట్టేదాన్ని, నా కళ్లు బట్టల మీదికే పోయాయి. దండెం మీద ఆరేసిన స్కూలు డ్రెస్సులన్నిటికీ కాలరు లోపల మార్కింగు ఇంకుతో నంబరు. 12, 27, 31. మా పెద్దదానికి 37, చిన్నదానికి 38. ఎందుకమ్మా నంబర్లు అంటే, ఉతికాక ఎవరివి వాళ్లకి ఇవ్వడానికి సులువని చెప్పారు. సులువే, కాదనను. కానీ రెండో ఆదివారం నేను వెళ్లేసరికి మా పెద్దది తన సామాను చూపిస్తూ "ఇది ముప్పై ఏడుది పిన్నీ" అంది. నాది అనలేదు. ఆ మాట వారమంతా నా చెవిలో ఉంది.

మూడో ఆదివారం రంగుదారాలు పట్టుకెళ్లాను. పెద్దదాని గౌను పట్టీ లోపల చిన్న చేప కుట్టాను, చిన్నదానికి మామిడాకు. ఇంకు నంబరు అలాగే ఉంచాను, దానితో నాకు పేచీ లేదు. కుడుతుండగానే పక్కన పదిమంది చేరారు. నాకు పువ్వు, నాకు సైకిలు, నాకు ఏనుగు. కొండ మీది సవర పిల్ల ఒకతి ఏం కావాలంటే చాలాసేపు ఆలోచించి ఇప్పపువ్వు అంది, వాళ్ల అమ్మ ఏరుకొచ్చేదట. నాలుగు ఆదివారాలు పట్టింది అందరికీ కుట్టడానికి. హోమ్‌వాళ్లు వద్దనలేదు, మెచ్చుకోవాల్సిన సంగతి అది. పైగా సూపరింటెండెంటు మేడమ్ తర్వాతిసారి డ్రెస్సులు కుట్టించినప్పుడు పట్టీ లోపల రెండంగుళాలు గుడ్డ ఎక్కువ వదలమని దర్జీకి చెప్పిందట, ఏడాదిలో పిల్లలు పొడుగవుతారు కదా, విప్పి దించుకోవచ్చని. బట్టలు లెక్కకి ఇచ్చే చోట ఈ పని చేయరు. పిల్ల వచ్చే ఏడాది కూడా మన దగ్గరే ఉంటుంది, ఎదుగుతుంది అని అనుకునేవాళ్లే చేస్తారు.

తిండి గురించి పెద్దగా రాయక్కర్లేదు, బాగుంది. రూల్సులో పిల్లకి రోజుకి ఎంత అని గ్రాముల లెక్క ఉంటుంది, బియ్యమో గోధుమో రాగులో 600 గ్రాములు, పప్పు 120, నూనె 25, ఆకుకూర 100, వేరే కూరలు 130, పెరుగు 100 మిల్లీలీటర్లు, అలా. అది వంటింటి గోడకి అంటించి ఉంది. గోడ మీది లెక్క కంచంలోకి దిగుతుందా అని మీరు అడుగుతారు. నేను వెళ్లిన ఆదివారాల్లో గుడ్డు గానీ కోడికూర గానీ ఎప్పుడూ తప్పలేదు. ఆదివారం బయటివాళ్లు వస్తారని పెడుతున్నారేమో అని పెద్దదాన్ని మామూలు రోజుల సంగతి విడిగా అడిగాను. పొద్దున చూడా, అంటే అటుకులు, లేదా ఉప్మా, బడి నుంచి రాగానే ముఢీ, అంటే మన మరమరాలు, రాత్రి అన్నం, పప్పూ కూరగాయలూ కలిపి వండే డాల్మా. వేసవిలో పఖాళ. చద్దన్నం తిని పెరిగినవాళ్లమే కాబట్టి మా పిల్లలకి ఇబ్బంది లేకపోయింది. వారానికి రెండుసార్లు రాగి జావ. ఒక్కటే లోటు, పులుపు. మా పిల్లలకి చింతపండు చారు లేకపోతే అన్నం దిగదు. వంటావిడకి చెప్తే అందరికీ మార్చలేనమ్మా అంది, అది న్యాయమే. ఒక సీసాలో పులిహోర పులుసు కాచి ఇస్తే వంటింట్లో పెట్టి మా ఇద్దరికీ అన్నంలో కలిపేది. పదిరోజులకే సీసా ఖాళీ అయ్యేది, మిగతావాళ్లూ రుచి మరిగారని.

మరుగుదొడ్ల సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. రూల్సు ప్రకారం ఏడుగురికి ఒక మరుగుదొడ్డి, పదిమందికి ఒక స్నానాలగది ఉండాలి. 38 మందికి ఆరు దొడ్లు. ఆరూ కట్టారు, కానీ ఒకదానికి తాళం. పైపు పగిలిందన్నారు. మూడు నెలలు ఆ తాళం అలాగే ఉంది. పొద్దున బడికి వెళ్లే తొందరలో అయిదు దొడ్ల ముందు 38 మంది ఆడపిల్లలు అంటే చిన్నవాళ్లు వెనక్కి నెట్టబడతారు, బిగబట్టుకుని బడికి వెళ్తారు, అక్కడి నుంచి కడుపు నొప్పులు మొదలు. ఎన్నిసార్లు అడిగినా వచ్చే నెల అనేవారు. చివరికి సీడబ్ల్యూసీ వాళ్లు చూడటానికి వచ్చినప్పుడు చెప్పాను, తర్వాత రెండు వారాల్లో బాగయింది. మీరూ అడగండి. అడిగితే పిల్లల మీద కోపం చూపిస్తారేమో అన్న భయం నాకూ ఉండేది. ఇక్కడ అలా జరగలేదు.

సలహాల పెట్టె ఒకటి ఉంది, ఉండాలని రూలు. అది పెద్దవాళ్ల భుజం ఎత్తులో, ఆఫీసు గది తలుపు పక్కనే తగిలించారు. ఆరేళ్ల పిల్ల అందులో ఏం వేయగలదు, పెద్దపిల్లలైనా ఆఫీసువాళ్లు చూస్తుండగా ఏం వేస్తారు. చెప్పాను, తలూపారు, మా పిల్లలు బయటికి వచ్చేనాటికి కూడా పెట్టె అక్కడే ఉంది.

ఇప్పుడు నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది. జూన్‌లో, రజో పండగ రోజుల్లో, ఒక మావుసీ సెలవు మీద ఊరెళ్లింది. హోమ్‌లో పిల్లల్ని చూసుకునే ఆవిడల్ని అందరూ మావుసీ అంటారు, మన పిన్ని లాగ. రాత్రిపూట ఉండేది ఇద్దరు మావుసీలు. ఒకావిడ లేకపోతే ఇంకొకావిడ ఒక్కతే 38 మందికి. ఆ రాత్రి 9 గంటలకి మా చిన్నదానికి జ్వరం వచ్చింది. నాకు ఫోన్ వచ్చింది మర్నాడు పొద్దున 10 గంటలకి. పదమూడు గంటలు. నేను చేతిలో జాకెట్టు అలాగే వదిలేసి, బస్సు దొరికితే బస్సు, ఆటో దొరికితే ఆటో ఎక్కి వెళ్లాను. అప్పటికే ఆశా వర్కరు దిదీ వచ్చి వేలి నెత్తురు తీసి చూసింది, మలేరియా. మా వైపు కొండ జిల్లాల్లో మలేరియా కొత్త కాదు, మాత్రలు వెంటనే మొదలుపెట్టారు, వైద్యంలో లోపం లేదు. కానీ పిల్ల రాత్రంతా వణికితే నాకు తెలియకపోవడం ఏమిటి. మేడమ్‌తో గట్టిగానే మాట్లాడాను. "రాత్రి పన్నెండైనా చెప్పండి మేడమ్. నేను రాలేకపోవచ్చు, నాకు బండి లేదు. కానీ నా పిల్లకి బాగోలేదని నాకు తెలియాలి" అన్నాను. ఆవిడ తప్పు ఒప్పుకుంది, సాకు చెప్పలేదు. ఆ తర్వాత ఏ చిన్న జ్వరానికైనా అదే రాత్రి ఫోన్ వచ్చేది. అయినా రాత్రికి ఒక్క మనిషిని వదలడం మాత్రం తప్పే, పండగైనా పబ్బమైనా. నా రేటింగులో నక్షత్రం తగ్గడానికి ఒక కారణం అదే.

ఆ రోజు నన్ను సిక్‌రూములో పిల్ల పక్కన రాత్రి ఉండనిచ్చారు. అలా నేను ఆ హోమ్‌ని రాత్రిపూట చూశాను. లేకపోతే 14 నెలలు తిరిగినా పగలే చూసేదాన్ని.

సిక్‌రూముకి, పిల్లలు పడుకునే హాలుకి మధ్య తలుపు తీసే ఉంది. తొమ్మిదిన్నరకి లైట్లు తీసేశారు, మూల ఒక్క చిన్న బల్బు. దోమతెరలన్నీ కట్టి ఉన్నాయి, మందు పూసిన సర్కారు తెరలు. మా చిన్నదాని తెరకి అరచేతి వెడల్పు చిరుగు ఉంది. సంచిలో సూదీ దారం నాతో ఎప్పుడూ ఉంటాయి, ఆ బల్బు వెలుగులోనే కుట్టేశాను. కుట్టి తలెత్తేసరికి పదకొండు. మావుసీ లేచింది. యాభై దాటిన మనిషి, మోకాళ్లు పట్టుకుని లేస్తుంది. టార్చి వేలితో సగం మూసి, నేల మీదికి మాత్రమే వెలుగు పడేలా పట్టుకుని, వరసలో అయిదు తెరల దగ్గరికి వెళ్లి అయిదుగురు పిల్లల్ని భుజం తట్టి లేపింది. పేరు పెట్టి, చెవి దగ్గర, గాలిలాగ. నిద్రలో నడిచే పిల్లల్ని చేయి పట్టుకుని దొడ్డికి తీసుకెళ్లి, తెచ్చి పడుకోబెట్టింది. మూడు గంటలకి మళ్లీ అదే. ఈసారి ఒక పిల్ల పక్క అప్పటికే తడిసిపోయింది. మావుసీ ఏమీ అనలేదు. రబ్బరు షీటు మీది దుప్పటి లాగేసి, పొడిది వేసి, గౌను మార్చి, తడి బట్టలు ఉండచుట్టి పెరట్లోకి తీసుకెళ్లింది. నీళ్ల చప్పుడు వినిపించింది. అయిదున్నరకి గంట కొట్టి అందరూ లేచేసరికి ఆ దుప్పటి దండెం మీద మిగతా దుప్పట్ల మధ్య ఆరుతోంది. ఎవరిదో ఎవరికీ తెలియదు.

నాకప్పుడు అర్థమయింది. అక్క పోయినప్పటి నుంచి మా చిన్నది పక్క తడుపుతోంది, హోమ్‌లో పిల్లలు వెక్కిరిస్తారని నాకు మొదటి రోజు నుంచీ బెంగ. పెద్దదాన్ని ఎన్నిసార్లు అడిగినా లేదు పిన్నీ, దాన్ని ఎవరూ ఏమీ అనరు అనేది. నాకు నమ్మకం కుదరలేదు. కారణం ఈ పెరటి నీళ్ల చప్పుడన్నమాట. పొద్దున మావుసీ చేతులు పట్టుకుంటే ఆవిడ సిగ్గుపడింది. "మొదట్లో మూడు నెలలు రోజూ. ఇప్పుడు వారానికి రెండుసార్లు. తగ్గుతుంది" అని ఒడియాలో చెప్పింది. లెక్క ఎక్కడా రాసుకోలేదు, నోటికే ఉంది.

భాష సంగతి కూడా ఈ మావుసీ దగ్గరే తెలిసింది. మా పెద్దదానికి ఒడియా వచ్చు, బడి ఒడియాదే. చిన్నది ఇంట్లో తెలుగు తప్ప వినలేదు. అక్కడ ఒడియా పిల్లలు, సవర పిల్లలు, తెలుగు పిల్లలు కలిసి ఉంటారు, మా జిల్లాలే అంత. మొదటి నెల చిన్నది నోరు విప్పలేదు, కడుపు నొప్పి వచ్చినా చెప్పలేదు. మావుసీ తన బీరువా తలుపు లోపల ఒక కాగితం అంటించుకుంది, ఒడియా అక్షరాల్లో తెలుగు మాటలు. నొప్పి, దాహం, చలి, భయం, ఒంటికి, అమ్మ, అక్క, ఇంకా వద్దు. పెద్దదాన్ని కూర్చోబెట్టుకుని అడిగి రాసుకుందట. "ఇంకా" అని ఒకటి, "వద్దు" అని ఒకటి అనుకున్నాను. కాదు, రెండూ కలిపే, అన్నం ఇంక వద్దు అనడానికి. పిల్ల నోట ఎలా వస్తే అలా రాసుకుంది. తలలో పేలు చూస్తున్నప్పుడు ఆ మాటలు అనేది, చిన్నది దిద్దేది. ఆదివారం మధ్యాహ్నం వేపచెట్టు కింద పేల దువ్వెనతో, కొబ్బరినూనెతో ఒక్కొక్కరి తల ఒళ్లో పెట్టుకుని చూసేది, ఒక్కో తలకి అరగంట. ఎవరి దువ్వెన వాళ్లకే ఉండేది. మా చిన్నది ఆ హోమ్‌లో మొదటి మాట ఆ ఒళ్లోనే మాట్లాడింది. "నొప్పి కాదు, నొప్పీ" అంది, మావుసీ సరిగ్గా పలకలేదని.

పుట్టినరోజుల గోల ఒకటి ఉంది, అది రాయకపోతే తప్పు. ఊళ్లో ఉన్నవాళ్లు వాళ్ల పిల్లల పుట్టినరోజుకి కేకు తెచ్చి హోమ్‌లో కోయిస్తారు. మనసు మంచిదే. కానీ 38 మందిని వరసగా నిలబెట్టి, చేతిలో పళ్లెం పెట్టి, ఫోన్లు తీసి ఫొటోలు, సాయంత్రానికి అవి వాట్సాప్ స్టేటస్‌లో. మా పెద్దది ఫొటో తీసినప్పుడల్లా చున్నీ మొహానికి అడ్డం పెట్టుకునేది. బడిలో ఒక పిల్ల ఆ స్టేటస్ చూసి "నువ్వు అనాథాశ్రమంలో ఉంటావా" అని అడిగిందట. 74వ సెక్షన్ సంగతి మేడమ్‌కి తెలియదా, తెలుసు, గోడ మీద కూడా రాసి ఉంది. చెప్పాక గేటు దగ్గర ఫోన్లు పెట్టించడం మొదలుపెట్టారు, కానీ పెద్ద విరాళం ఇచ్చేవాళ్ల దగ్గర ఆ మాట అనలేకపోతున్నారు. అది నాకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చలేదు. మీరు కేకు తీసుకెళ్లేవాళ్లయితే తీసుకెళ్లండి, ఫోన్ మాత్రం జేబులోనే ఉంచండి. కేకు కన్నా కాటన్ లోదుస్తులు, కొత్త సైజులు, తలకి నూనె, శానిటరీ ప్యాడ్లు ఎక్కువ పనికొస్తాయి. అవి ఎవరూ తీసుకురారు.

పిల్లలు బయటికి ఎలా వచ్చారో కూడా చెప్తాను, చాలామందికి తెలియదు. సీడబ్ల్యూసీలో ఆ మొదటి రోజు బిస్కెట్టు ఇచ్చినావిడే ఆరు నెలల తర్వాత నన్ను పిలిచి, "హోమ్ అన్నది చివరి దారి అని చట్టమే చెప్తోంది, నువ్వు ప్రతి వారం వస్తున్నావు, నీకు అడ్డం డబ్బేనా" అని సూటిగా అడిగింది. డబ్బే అన్నాను. కేంద్రం మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్ ఉంది, తల్లీ తండ్రీ లేక బంధువుల ఇంట్లో పెరిగే పిల్లలకి కూడా వస్తుంది, పిల్లకి నెలకి 4,000 రూపాయలు. ఇంటి ఆదాయం ఏడాదికి పల్లెల్లో 72,000, మిగతా చోట్ల 96,000 దాటకూడదు. జిల్లా బాలల రక్షణ విభాగంలో దరఖాస్తు పెట్టాలి. ఆ కాగితాల కోసం నేను ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగానో, ఒక చోట ఒకే ఆదాయ సర్టిఫికెట్టు మూడుసార్లు తెమ్మన్నారు, తెచ్చాను. ఎనిమిది నెలలు పట్టింది. ఇద్దరికీ కలిపి 8,000 వస్తోంది, దానితో పక్క గది కూడా అద్దెకి తీసుకున్నాం. మొదటి వారమే ఈ దారి ఉందని ఎవరైనా చెప్పి ఉంటే ఆ 14 నెలలు సగమయ్యేవేమో. మీ ఇంట్లో, మీ వీధిలో ఇలాంటి పిల్లలుంటే హోమ్ గురించి అడిగే ముందు దీని గురించి అడగండి.

అయినా కొందరికి హోమ్ తప్పదు, వేరే దారి ఉండదు. అప్పుడు రిజిస్ట్రేషన్ కాగితం చూసి, దొడ్లు లెక్కపెట్టి, రాత్రికి ఎంతమంది ఉంటారు, వాళ్లు ఎన్నేళ్లుగా అక్కడ పనిచేస్తున్నారు అని అడగండి. మా మావుసీ తొమ్మిదేళ్లుగా అక్కడే ఉంది. అదే హోమ్‌లో పగటి మనుషులు మా 14 నెలల్లోనే ముగ్గురు మారారు, మారినప్పుడల్లా చిన్నవాళ్లు రెండు రోజులు తిండి మానేశారు. జీతం ఎంతో నేను అడగలేదు, కానీ మావుసీ చెప్పులు చూస్తే తెలుస్తుంది. విరాళం ఇచ్చేవాళ్లు గోడకి రంగు వేయించే ముందు ఆ మనుషులకి ఏం ఇస్తున్నారని ఒక్కసారి హోమ్‌వాళ్లని అడిగితే బాగుంటుంది.

రేటింగు అడిగితే అయిదులో నాలుగు. ఒక్క మనిషితో గడిపిన ఆ రాత్రికీ ఆ ఫొటోలకీ కలిపి ఒకటి తీసేశాను. ఆ నాలుగులో రెండు మావుసీవే.

పిల్లలు ఇంటికొచ్చి అయిదు నెలలైంది. చిన్నది ఇప్పుడు ఒడియాలో కలవరిస్తోంది. మొన్న ఆదివారం మావుసీ ఫోన్ చేసింది. ముందు పెద్దదాని పరీక్షలడిగింది, తర్వాత చిన్నదానితో చాలాసేపు మాట్లాడింది, చివరికి నన్ను పిలిచి గొంతు తగ్గించి, "రాత్రి లేపుతున్నావా" అంది. పదకొండుకి లేపుతున్నాను మావుసీ, మూడుకి అక్కర్లేకుండా పోయింది అన్నాను.